పదేళ్లుగా క్యూలో ఉన్నది మనం, పేపర్లు వాళ్లకా? అమెరికా సరిహద్దు చర్చ మీద నా సమాధానం

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయండీ. మీ అమ్మాయికి హైస్కూల్ డిబేట్‌లో అక్రమ వలసల అంశం వచ్చింది. గోడ కట్టడం, ఉన్నవాళ్లందరినీ పంపెయ్యడం, క్షమాభిక్ష పెట్టడం, ఈ మూడింటిలో ఏ వైపు వాదిస్తే నిలబడుతుంది అన్నది మొదటిది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చి, ట్యాక్సులు కడుతూ, గ్రీన్ కార్డు కోసం పదేళ్లకు పైగా మనం క్యూలో నిలబడి ఉంటే, దొంగదారిన వచ్చినవాళ్లకు పేపర్లు ఇవ్వడం ఏం న్యాయం అన్నది రెండోది. మీ మనసులో ఉన్నది రెండోదేనని నాకు తెలుస్తూనే ఉంది. టెక్సస్‌లో లాయర్‌గా చాలా ఏళ్లుగా రెండు రకాల కేసులూ చూస్తున్నాను. పొద్దున హెచ్-1బి ఫైలింగ్, మధ్యాహ్నం డిపోర్టేషన్ కోర్టు. కాబట్టి ఆ ప్రశ్నను పక్కకు తోసెయ్యను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అమెరికా సరిహద్దు సమస్యలో పెద్ద భాగం నది ఒడ్డున లేదు. అసైలమ్ (సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఇక్కడ అడిగే ఆశ్రయం) కేసు తేల్చాల్సిన కోర్టులో ఉంది, మనిషిని పనిలో పెట్టుకునే ఆఫీసులో ఉంది. ఆ రెండు చోట్లా చట్టాన్ని ఖాళీగా వదిలేసి, ఊరికే గోడ ఎత్తు పెంచుతూ పోయారు. నేను సరిహద్దులు ఎత్తెయ్యమనే మనిషిని కాను. కేసు ఓడినవాళ్లను వెంటనే పంపించాలి అనే అంటాను. కానీ ముందు కేసు తేల్చాలి కదా.

ముందు గోడ సంగతి. అది అసలు పనిచెయ్యదని మాత్రం మీ అమ్మాయిని వాదించనివ్వకండి, అవతలివాళ్లు సులువుగా కొట్టేస్తారు. ఊళ్లు ఆనుకుని ఉన్నచోట గోడ పనిచేస్తుంది. 1993లో ఎల్ పాసోలో, 1994లో శాన్ డియాగోలో సరిహద్దు పోలీసులైన బోర్డర్ పెట్రోల్ గస్తీ బిగించి కంచెలు వేశాక, ఆ రెండు చోట్లా దాటేవాళ్లు బాగా తగ్గారు. అయితే వాళ్లు రావడం మానలేదు, దారి మార్చుకుని అరిజోనా ఎడారి మీదుగా నడవడం మొదలెట్టారు. నీళ్లు లేక, ఎండకు తాళలేక అక్కడ చచ్చిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని వాషింగ్టన్‌లో పెద్దగా ఎవరూ ముందు ఊహించలేదు. అంతకుముందు మెక్సికో కూలీలు చాలామంది కోతల కాలానికి వచ్చి, నాలుగు డబ్బులు వెనకేసుకుని ఇంటికి పోయేవాళ్లు. దాటడం ప్రమాదమై, దళారీ రేటు పెరిగేసరికి, ఒకసారి వచ్చినవాళ్లు తిరిగి పోవడం మానేసి పెళ్లాం పిల్లలనే ఇక్కడికి రప్పించుకున్నారు. 1990లో పేపర్లు లేనివాళ్లు సుమారు 35 లక్షలు. 2007కి 1.22 కోట్లు. బోర్డర్ పెట్రోల్ ఏజెంట్లు నాలుగు వేల చిల్లర నుంచి దాదాపు 15,000కు పెరిగింది కూడా ఆ కాలంలోనే. 2008లో ఇళ్ల నిర్మాణం కుప్పకూలి పనులు పోయాక ఆ జనాభా తగ్గడం మొదలైంది. పని ఉంటే వస్తారు, లేకపోతే రారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టమనండి.

2014 తరవాత వచ్చేవాళ్ల తీరు మారింది. గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి, ఆ తరవాత వెనెజువెలా నుంచి కుటుంబాలు రావడం మొదలైంది. వీళ్లు ఏజెంటు కంటపడకుండా పారిపోరు, ఏజెంటు దగ్గరికే నడిచి వచ్చి అసైలమ్ అడుగుతారు. టెక్సస్‌లో సరిహద్దు అంటే రియో గ్రాండే నది మధ్య గీత. గోడను నదిలో కట్టలేరు, వరద తగలకుండా వెనక్కి జరిపి కట్టాలి. అంటే నది దాటి ఇవతలి ఒడ్డు మీద కాలు పెట్టినవాడు గోడ దగ్గరికి వచ్చేసరికే అమెరికా నేల మీద ఉంటాడు. 1980 నాటి శరణార్థుల చట్టం ప్రకారం, ఎలా వచ్చినా సరే, ఈ నేల మీదున్నవాడికి అసైలమ్ అడిగే హక్కుంది. లొంగిపోవడానికే వచ్చేవాడిని గోడ ఏం చేస్తుంది?

ఇక కోర్టు. మాస్టర్ హియరింగ్ అని ఒకటుంటుంది, కేసు మొదటిసారి పిలిచే రోజు. చిన్న గది, బల్లల మీద ముప్పై నలభై మంది, ఒళ్లో నిద్రపోయే పిల్లలు. స్పానిష్ దుబాసీ పక్కనే ఉంటారు, పంజాబీకో గుజరాతీకో అయితే ఫోన్‌లో దొరకాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. జడ్జి క్యాలెండర్ చూసి అసలు విచారణకు తారీఖు ఇస్తారు, మూడేళ్ల తరవాత. ఆ తారీఖు విన్న ఇద్దరి మొహాలు చూస్తే ఈ వ్యవస్థ ఎక్కడ చెడిందో అర్థమవుతుంది. ఊళ్లో ముఠా భర్తను చంపితే ప్రాణం అరచేత పట్టుకుని వచ్చిన ఆవిడ గతుక్కుమంటుంది, ఎందుకంటే పెద్దపిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది, అసైలమ్ చేతికి వస్తే గానీ ఆ పిల్లను రప్పించుకోలేదు. కేసులో పస లేదని తెలిసీ దళారీ మాట మీద వచ్చిన కుర్రాడు మాత్రం ఊపిరి పీల్చుకుంటాడు. అర్జీ పెట్టిన 150 రోజులకు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, 180 రోజులు నిండితే ఇవ్వచ్చు. ఆ మూడేళ్లలో దళారీకి కట్టిన అప్పు తీరిపోతుంది. నిజమైన బాధితురాలికి ఆలస్యం శిక్ష, దొంగ కేసుకు అదే బహుమతి.

ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో పెండింగ్ కేసులు 2017 మొదట్లో 5 లక్షల పైచిలుకు ఉండేవి, 2024 చివరికి 37 లక్షలకు వెళ్లాయి. అప్పటికి జడ్జీలు సుమారు 700 మంది. ఒక్కొక్కరి నెత్తిన అయిదు వేలకు పైగా కేసులు. ఈ లెక్క దళారీలకు బాగా తెలుసు. మెక్సికో సరిహద్దుకు మనుషులను చేర్చేవాళ్లయినా, మన పంజాబ్, హర్యానా, గుజరాత్ కుర్రాళ్లను డంకీ దారిలో (దొంగచాటుగా దేశాలు దాటించే దారి) పంపేవాళ్లయినా, అమ్ముతున్న సరుకు ఆ మూడేళ్ల కాలమే. 2025 ఫిబ్రవరి 5న మిలిటరీ విమానంలో చేతులకూ కాళ్లకూ గొలుసులతో అమృత్‌సర్‌లో దిగిన 104 మందిలో, దళారులకు నలభై, యాభై లక్షలు కట్టామని, పొలం అమ్మామని చెప్పినవాళ్లున్నారు. 2022 జనవరిలో కెనడా వైపునుంచి మిన్నెసోటాలోకి నడిచి రాబోయి ఒక గుజరాతీ కుటుంబం, ఇద్దరు పిల్లలతో సహా నలుగురూ మంచులో గడ్డకట్టి చనిపోయారు. ఆ వార్త గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు మనసులో ఉండదు.

దీనికి మందు లేదా అంటే ఉంది, ఒకసారి వాడి చూశారు కూడా. 1990ల మొదట్లోనూ ఇలాగే జరిగింది: అసైలమ్ అర్జీ పడెయ్యడం, వెంటనే వర్క్ పర్మిట్ తెచ్చుకోవడం. క్లింటన్ ప్రభుత్వం 1995 జనవరి నుంచి రెండు మార్పులు చేసింది. అర్జీ పెట్టగానే పర్మిట్ ఇవ్వడం ఆపింది, అధికారులనూ జడ్జీలనూ రెట్టింపు చేసి కొత్తగా వచ్చిన కేసులను ముందు తేల్చడం మొదలెట్టింది. చూస్తుండగానే కొత్త అర్జీలు సగానికి పైగా పడిపోయాయి. ఎవరినీ గొలుసులతో కట్టలేదు, ఎడారిలో ఒక్క గజం గోడ దీనికోసం కట్టలేదు. ఈ చర్చలో మీ అమ్మాయి చేతికి నేనిచ్చే అన్నిటికంటే బలమైన ఉదాహరణ ఇదే. చాలామంది దీన్ని మర్చిపోయారు.

దానికి దగ్గరగా ఉన్న ప్రయత్నం 2024 ఫిబ్రవరిలో సెనేట్ ముందుకొచ్చింది. రిపబ్లికన్ లాంక్‌ఫోర్డ్, డెమొక్రాట్ మర్ఫీ, ఇండిపెండెంట్ సినెమా ముగ్గురూ కూర్చుని రాసిన బిల్లు. అసైలమ్ కేసును అధికారులే నెలల్లో తేల్చెయ్యాలి, మొదటి వడపోత ఇంకా గట్టిగా ఉండాలి, తాకిడి ఒక స్థాయి దాటితే సరిహద్దు మూసే అధికారం ఉండాలి అన్నది సారాంశం. అందులో నాకు నచ్చని అంశాలున్నాయి, అయినా నేనైతే దానికి ఓటేసేవాణ్ణి. 49-50తో చర్చకే రాకుండా పోయింది. ఎన్నికల ముందు సమస్య తీరడం కంటే సమస్య బతికుండడమే కొందరికి అవసరమైంది.

2025లో ఏం జరిగిందో కూడా నిజాయితీగా చెప్పాలి. ట్రంప్ రెండోసారి రాగానే సరిహద్దు దగ్గర అసైలమ్ దాదాపు మూసేశారు. 2023 డిసెంబరులో బోర్డర్ పెట్రోల్‌కు పట్టుబడినవాళ్లు రెండున్నర లక్షలు, 2025 జూన్‌లో ఆరు వేల చిల్లర. ఆర్థిక సంవత్సరం మొత్తం చూస్తే 1970 తరవాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కఠినంగా ఉంటే తగ్గదు అని వాదించేవాళ్లు ఈ అంకెలను మింగక తప్పదు. అయితే రెండు విషయాలు జోడించండి. తగ్గుదల అంతకు ఏడాది ముందే మొదలైంది, మెక్సికో తన రైళ్లూ రోడ్ల మీద పట్టుకోవడం పెంచింది, 2024 జూన్‌లో బైడెన్ ఆంక్షలు వచ్చాయి, ఆ డిసెంబరుకే నెలకు 47,000కు దిగింది. రెండోది, తలుపు పూర్తిగా మూస్తే దొంగ కేసులతో పాటు నేను చెప్పిన ఆ తల్లి కూడా బయటే ఉండిపోతుంది. పైగా ఇది చట్టం కాదు, అధ్యక్షుడి ఉత్తర్వు. కోర్టుల్లో నలుగుతోంది, రేపు ఇంకొకరు వస్తే ఒక్క సంతకంతో పోతుంది.

డబ్బు ఎటు పోతోందో చూడండి. 2025 జులై 4న సంతకమైన బడ్జెట్ చట్టంలో గోడకు 4,650 కోట్ల డాలర్లు, నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు. అదే చట్టం ఇమ్మిగ్రేషన్ జడ్జీల సంఖ్య 2028 నుంచి 800 దాటకూడదని గీత గీసింది. 2024 చివరికి 37 లక్షల కేసులు పేరుకున్న దేశంలో తీర్పు చెప్పేవాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టడం ఏ తర్కానికి నిలుస్తుందో ఎదుటి జట్టును అడగమనండి.

ఇప్పుడు పని సంగతి. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం ఒక ఒప్పందం: ఉన్నవాళ్లకు పేపర్లు, ఇకపై పేపర్లు లేనివాళ్లను పనిలో పెట్టుకుంటే యజమానికి శిక్ష. మొదటి సగం జరిగింది, 27 లక్షల మందికి పేపర్లొచ్చాయి. రెండో సగం ఐ-9 అనే ఫారం దగ్గర ఆగిపోయింది. మీరూ మొదటి రోజు ఉద్యోగంలో అది నింపే ఉంటారు. ఏ డాక్యుమెంట్ చూపించాలో ఉద్యోగి ఇష్టం, అది చూడ్డానికి అసలుదిలా ఉంటే యజమాని తీసుకోవాలి, ఫలానాది తెమ్మని పట్టుబట్టకూడదు. తెలిసి పెట్టుకున్నాడని రుజువైతేనే నేరం. ఇక తెలుసుకోవాలని ఎవరికుంటుంది? నకిలీ సోషల్ సెక్యూరిటీ కార్డులు వీధుల్లో అమ్ముడుపోయాయి.

ఉద్యోగి వివరాలను ప్రభుత్వ రికార్డులతో సరిచూసే ఈ-వెరిఫై మీకు బాగా తెలిసిన పేరే, స్టెమ్ ఓపీటీ (సైన్సు, ఇంజినీరింగ్ చదివిన విద్యార్థులకు చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) పొడిగింపు కావాలంటే కంపెనీకి అది ఉండి తీరాలి. మాస్టర్స్ చేసిన మన పిల్లల విషయంలో తప్పనిసరి, టెక్సస్‌లో ఇల్లు కట్టే మామూలు ప్రైవేటు కాంట్రాక్టర్‌కు మాత్రం ఐచ్ఛికం! అరిజోనా 2008 నుంచి అందరికీ తప్పనిసరి చేసింది, 2011లో సుప్రీంకోర్టు సరేనంది. పేపర్లు లేనివాళ్లు కొందరు ఆ రాష్ట్రం వదిలివెళ్లారు, కొందరు నగదు పనుల్లోకి మళ్లారు. ఆ వ్యవస్థకు ఇంకో లొసుగుంది: పేరూ నంబరూ సరిపోలాయా అని చూస్తుంది గానీ, ఆ నంబరు ఎదురుగా కూర్చున్నవాడిదేనా అని గట్టిగా చూడలేదు. దాన్ని పరీక్షించిన ఒక అధ్యయనంలో పేపర్లు లేనివాళ్లలో సగం మందికి పైగా వేరేవాళ్ల వివరాలతో పాసైపోయినట్టు తేలింది. ఫొటో, వేలిముద్రతో దాన్ని బిగించి దేశమంతా తప్పనిసరి చెయ్యాలి. సబ్-కాంట్రాక్టర్ పేరు చెప్పి పెద్ద కంపెనీ తప్పించుకోకుండా చూడాలి. నాలుగు మైళ్ల గోడ కంటే నలుగురు పెద్ద యజమానుల మీద కేసు ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

కానీ అదొక్కటే చేస్తే పంటలు పొలంలోనే కుళ్లుతాయి. పొలం కూలీల్లో నలభై శాతం దాకా పేపర్లు లేనివాళ్లే. 2011లో అలబామా కఠిన చట్టం తేగానే టొమాటో రైతులు కోతకు మనుషుల్లేక మొత్తుకున్నారు. సీజన్ పనికి హెచ్-2ఎ వీసా ఉంది, దానికి పరిమితి లేదు, వాడకం కూడా బాగా పెరిగింది. ఏడాది పొడవునా పాలు పిండే డెయిరీకి మాత్రం అది వర్తించదు. చదువు, నైపుణ్యం అక్కర్లేని ఏడాది పొడుగు పనులకు ఇచ్చే గ్రీన్ కార్డులు, దేశం మొత్తానికి, కుటుంబసభ్యులతో కలిపి ఏడాదికి 10,000 దాటవు. వెనక్కిపోయి లైన్లో నిలబడమంటాం గానీ, ఆ డెయిరీ కూలీకి నిలబడడానికి లైనే లేదు. మనకు పొడుగాటి క్యూ ఉంది, వాళ్లకు క్యూయే లేదు. ఈ తేడా మనవాళ్లలో చాలామందికి తెలియదు.

అసలు పేపర్లు లేకపోవడం అంటే నది దాటడమే అనుకోవడం కూడా తప్పు. పది మందిలో నలుగురి దాకా వీసా మీద ఎయిర్‌పోర్టులో దిగి, గడువు దాటాక ఉండిపోయినవాళ్లేనని చాలాకాలంగా ఉన్న అంచనా. వెళ్లేవాళ్లను నమోదు చేసే పద్ధతి పెట్టమని 1996లోనే చట్టం చెప్పినా దశాబ్దాల తరబడి పూర్తి కాలేదు. భారతీయుల సంఖ్య మీద కూడా ఒక్క లెక్క లేదు: పేపర్లు లేని భారతీయులు 2022కి ప్యూ పరిశోధన సంస్థ 7.25 లక్షలంటే, ప్రభుత్వ హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ 2.2 లక్షలంది. మన తెలుగువాళ్ల మీద దెబ్బలు పడ్డది కూడా ఈ వైపునుంచే. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ దొంగదని తేలినప్పుడు మన పిల్లల కాళ్లకు ట్రాకర్లు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఇమ్మిగ్రేషన్ పోలీసులే నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ వలలో 130 మంది విద్యార్థులు దొరికితే 129 మంది భారతీయులు, ఎక్కువమంది మనవాళ్లే. అందులో తెలిసి చేరినవాళ్లూ ఉన్నారు, కన్సల్టెన్సీ మాట నమ్మి మునిగినవాళ్లూ ఉన్నారు. ఇల్లీగల్స్ అనే మాట వాడేటప్పుడు ఆ పిల్లలను కూడా గుర్తుపెట్టుకుందాం.

అందరినీ పంపెయ్యడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2023కి పేపర్లు లేనివాళ్లు 1.4 కోట్ల మందని ప్యూ అంచనా. ఐస్ అనే ఇమ్మిగ్రేషన్ పోలీసు విభాగం ఏడాదికి ఎక్కువమందిని పంపిన ఒబామా కాలంలో, 2012లో ఆ సంఖ్య సుమారు 4.1 లక్షలు. ఆ లెక్కన ముప్పై ఏళ్లు దాటుతుంది. పేపర్లు లేని ఆ మనుషులకు ఇక్కడే పుట్టిన, అమెరికా పౌరులైన పిల్లలు నలభై లక్షలకు పైనే. నేరాలు చేసినవాళ్లను, కేసు ఓడినవాళ్లను ముందు పంపండి, ఎవరూ కాదనరు. ఇరవై ఏళ్లుగా రూఫింగ్ చేసి బతికే మనిషిని హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల దుకాణం పార్కింగ్‌లో పట్టుకోవడం ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

మరి వాళ్లకు ఏమివ్వాలి? రిజిస్ట్రీ అని 1929 నుంచి ఒక నిబంధన ఉంది. ఫలానా తేదీకి ముందు వచ్చి, నేరం లేకుండా ఇక్కడే ఉన్నవాడు గ్రీన్ కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ తేదీని కాంగ్రెస్ అప్పుడప్పుడూ ముందుకు జరుపుతూ వచ్చింది, చివరగా 1986లో జరిపి 1972 జనవరి 1 దగ్గర పెట్టి వదిలేసింది. నేనైతే దాన్ని పదిహేనేళ్ల కిందటి తేదీకి తెచ్చి, జరిమానా, బాకీ పన్నులు వసూలు చేస్తాను. ఇలా చేస్తే ఇంకా వస్తారనే వాదన తేలికైంది కాదు. 1986 తరవాత అదే జరిగింది. అందుకే పని దగ్గర తనిఖీ, కోర్టులో వేగం, ఇవి రెండూ అదే బిల్లులో, అదే రోజు అమల్లోకి రావాలి. అప్పుడు చేసిన ఇంకో పొరపాటు 1982 తరవాత వచ్చినవాళ్లను లెక్కలోంచి తీసెయ్యడం. వాళ్లు ఎటూ పోలేదు, ఇక్కడే ఉండిపోయారు.

ఇక మీ రెండో ప్రశ్న. మన గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 ఉద్యోగ కోటాలోంచి, ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి లెక్కన వస్తాయి. రిజిస్ట్రీ అయినా, 1986 క్షమాభిక్ష అయినా ఆ కోటాలోంచి ఒక్క కార్డు కూడా తీసుకోవు. వాళ్లు మన ముందు వచ్చి నిలబడరు. మన క్యూ కదలకపోవడానికి కారణం ఆ ఏడు శాతం. దాన్ని ఎత్తేసి, భార్యాపిల్లలను కోటా లెక్కలోంచి తీసేసిన బిల్లు 2013 జూన్‌లో సెనేట్‌లో 68-32తో నెగ్గింది. పేపర్లు లేనివాళ్లకు దారి చూపించిన బిల్లు కూడా అదే. క్షమాభిక్ష వద్దు అన్న కేకల మధ్య దిగువ సభ హౌస్‌లో దాన్ని ఓటుకే పెట్టలేదు. 2024 బిల్లులో హెచ్-1బి వాళ్ల పిల్లలకు 21 ఏళ్లు నిండినా తల్లిదండ్రుల క్యూలో చోటు పోకుండా రక్షణ ఉండేది, అదీ పోయింది. మీ కోపం న్యాయమైనదే. అది పోవాల్సిన చిరునామా వేరు.

చివరగా డిబేట్‌తో సంబంధం లేని మాట ఒకటి. మీ అమ్మాయి ఇండియాలో పుట్టి, హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 మీద వచ్చిందని రాశారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన మీ ఐ-140 అర్జీ ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో పాత నోటీసుల్లో చూసి పెట్టుకోండి. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున ఆమె వయసులోంచి ఆ రోజులు తీసేసి లెక్క కడతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆ లెక్కకు ఫైనల్ యాక్షన్ తేదీలనే (కార్డు నిజంగా ఇవ్వగలిగే తేదీలు) చూస్తున్నారు, కాబట్టి ఇదివరకటి కంటే గడువు బిగుసుకుంది. క్యూలో మీ స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ 2014 తరవాతదైతే 21 లోపు కార్డు వస్తుందని ఆశ పెట్టుకోకండి. కాలేజీ రెండో ఏడు నుంచే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారే సంగతి మీ లాయర్‌తో మాట్లాడండి. గడువు దాటాక పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులను చూస్తుంటాను, అప్పటికి చెయ్యగలిగేది చాలా కొద్ది.